ఖాళీ ట్రేల లెక్క

చదివేవాళ్ళకు ముందే ఒక మనవి. నాకు రాయడం రాదు. ఐదో తరగతి సగంలో ఉండగా మా నాయన నన్ను బోటెక్కించాడు. ఆ మిగతా సగం ఇప్పటికీ బడిలోనే ఉంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు సరిగా తెలియదు. కొమ్ములు ఎక్కువైతే మీరే సర్దుకోండి. మా సంఘం వాళ్ళు వేసే చిన్న పత్రికకు ఏదైనా రాయమని పాస్టరుగారు అడిగారు. నాకు రాదండీ అన్నాను. "మీ బోటు డ్రైవరు గురించి ఎప్పుడూ చెప్తుంటావు గదా, అదే రాయి" అన్నారు. చెప్పినంత సులభం కాదు రాయడం. ఈ నాలుగు మాటలకే ఒక సాయంత్రం పోయింది.

చేపల వేట నిషేధం అయిపోయాక ఈమధ్య మా బోటు మొదటిసారి కదిలింది. బయలుదేరేటప్పుడు ట్యాబులో నేను ఒక లెక్క తప్పు వేశాను. ఆ తప్పు ఏమిటో చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు మా డ్రైవరు తెలియాలి.

ఆయన పేరు రాయను. నీళ్ళ మీద పేరు పెట్టి పిలవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. బోటులో అందరికీ ఆయన మామ. ఆయనకు అందరూ అల్లుళ్ళే. మనిషి పొట్టి. గడ్డం కొంచెం ముందుకు ఉండేది. ఆ గడ్డంతోనే దారి చూపించేవాడు. చెయ్యి ఎత్తి చూపించడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి ఒడ్డున ఎవరో కొత్త మనిషి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగితే గడ్డం ఎత్తాడు. ఆ మనిషి ఆకాశం వైపు చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎవరు ఏం అడిగినా మామ ఒకటే మాట చెప్పేవాడు.

"ఏం మామా, ఎంత పడింది?"

"ఉండాదిలే ఏదో."

బోటు నిండా వంజరం ఉన్నా అదే మాట. వల ఉత్తగా వచ్చినా అదే మాట. మాలో చాలామందికి ఈ అలవాటు కొంత ఉంది. సముద్రం మీద ఉండగా పడినదాన్ని లెక్కపెట్టకూడదు, నోటితో చెప్పకూడదు. ఒడ్డుకు వచ్చాక, మొదటి చేప ఎదురొచ్చిన మనిషి చేతిలో పెట్టాక, అప్పుడు చెప్పుకోవచ్చు. మిగతా బోట్లవాళ్ళు దీన్ని వీలైనప్పుడు పాటించేవాళ్ళు. మామ ఎప్పుడూ పాటించేవాడు. వల పైకి వస్తుంటే అందరం వంగి చూస్తాం గదా, ఆయన మాత్రం అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు. గాలికి అది అంటుకునేది కాదు. అంటుకునేలోపు చేపలన్నీ ట్రేలలోకి, ట్రేలు ఐసు గదిలోకి పోయి మూత పడేది. అప్పుడు ఇటు తిరిగేవాడు.

"ఎందుకు మామా ఇట్టా?" అని ఒకసారి అడిగాను.

"మా నాయన చెప్పలా."

"ఏం చెప్పలా?"

"ఎంత పడిందో ఎప్పుడూ చెప్పలా."

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. బియ్యం ఉన్నాయా అంటే అదే మాట, కూతురు పరీక్ష ఎలా రాసింది అంటే అదే మాట. ఆయన భార్య, మా అత్త, చేపలు అమ్మే మనిషి. బజారులో ఆమె గొంతు ముందు వస్తుంది, ఆమె తర్వాత వస్తుంది. ఆమె చెప్పేది: "పెళ్ళిచూపుల్లో కూడా ఈ మనిషి నన్ను చూళ్ళేదబ్బయా. అటు తిరుక్కోని బీడీ ముట్టించినాడు. పిల్ల ఎట్టుండాది అని వాళ్ళమ్మ అడిగితే, ఉండాదిలే ఏదో అన్నాడంట."

ఇలాంటి మనిషి బోటుకు ట్యాబు వచ్చింది.

బోటుకు ఏ చేప ఎంత పడిందో ఒడ్డుకు రాకముందే ట్యాబులో వేసి పంపాలని చేపల శాఖ ఆఫీసువాళ్ళు చెప్పారు. హార్బరు మొగలోకి, అంటే సముద్రంలోంచి లోపలికొచ్చే దారిలోకి, అడుగుపెట్టేలోపు అది వాళ్ళకు చేరాలి. తర్వాత ఒడ్డున తూకం వేస్తారు. ఆ రెండూ దగ్గర దగ్గరగా కలవాలి. కలవకపోతే హెచ్చరిక. మాటిమాటికీ కలవకపోతే బోటును కొంతకాలం కట్టేస్తారు.

నేర్పించడానికి హార్బరులో షామియానా వేశారు. ఆఫీసు మేడం చిన్న వయసు మనిషి. ఎండలో నిలబడి ఓపికగా చెప్పింది. ట్యాబులో చేపల బొమ్మలు ఉన్నాయి. మామ వంజరం బొమ్మను చాలాసేపు చూశాడు.

"దీనికి ఐసు ఎయ్యలా" అన్నాడు.

మేడం ఆయన్నే లేపింది. "సార్, మీ పోయిన ట్రిప్పులో ఎంత పడింది? చెప్పండి, ఎలా వేయాలో చూపిస్తాను."

"ఉండాదిలే ఏదో."

"ఏదో అంటే ఎంత సార్?"

"ఏదో."

మేడం ట్యాబులో కిందికి పైకి వెతికింది. అన్ని గడులూ చూసింది. "అలాంటి గడి లేదు సార్" అంది. షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. వెనక నుంచి ఎవరో "మేడమ్మా, ఆయన వయసు అడగండి, అప్పుడు తెలుస్తాది" అన్నారు. మేడం నిజంగానే అడిగింది. ఏం చెప్పాడో రాయనక్కర్లేదు.

బోటులో వంట నాది. అక్షరాలు తెలిసినవాణ్ణి కూడా నేనే. అందుకని ట్యాబు నాకిచ్చారు. ఏ చేప పడిందో నాకు తెలుస్తుంది, కూర వండేది నేనే గదా. ఎన్ని ట్రేలు నిండాయో మాత్రం తెలిసేది కాదు. వల వచ్చేటప్పుడు నేను పొయ్యి దగ్గర ఉంటాను. తర్వాత మిగతావాళ్ళను అడిగితే వాళ్ళు మామ వైపు చూసేవాళ్ళు. మామ గాలి వైపు చూసేవాడు.

మొదటి ట్రిప్పుకు ఏమీ వేయకుండా పంపాను. ఒడ్డున దిగినదాన్ని తూచితే అది సున్నా కాదు. తర్వాతి ట్రిప్పుకు అంచనాగా వేశాను. మామ మొహం చూసి వేశాను, అది నా పొరపాటు. ఆ మొహంలో ఎప్పుడూ ఏమీ పడి ఉండదు. తూకం చాలా ఎక్కువ వచ్చింది. మేడం కోప్పడలేదు. "ఇంకొక్కసారి ఇలా వస్తే నేనేం చేయలేను, బోటు కట్టేయాల్సిందే" అంది. ఆమెకు పైన కూడా ఎవరో ఒక మేడం ఉంటుంది గదా.

ఆ మాట బోటు ఓనరుకు చేరింది. ఓనరు నెల్లూరు టౌను నుంచి వచ్చే భాయ్. మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తగా మాట్లాడుతున్నాడంటే మేం భయపడేవాళ్ళం. ఆయన హార్బరుకు వచ్చి మామ పక్కన కూర్చుని టీ ఇప్పించాడు.

"మామా, బోటు కట్టేస్తే నేను తట్టుకోలేను. ఈసారి లెక్క కలవకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటా. మీకేం లోటు రానీను. కోట ఊరి కాడ మా రొయ్యల గుంటలుండాయి. కాపలాకి మనిషి కావాల. నీడ, మంచం, ఫ్యాను. దొరలాగా ఉండొచ్చు."

మామ టీ అంతా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"గుంటలో అల ఉంటాదా భాయ్?"

"అల ఎందుకుంటాది మామా, గుంటలో?"

"అదే" అన్నాడు మామ.

 మామ ఒడ్డున ఎలా ఉంటాడో మాకందరికీ తెలుసు. ఏటా వేట నిషేధం రోజుల్లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అందరూ ఇళ్ళల్లో ఉంటారు, వలలు బాగుచేసుకుంటారు, పెళ్ళిళ్ళకు పోతారు. మామ పొద్దున్నే వెళ్ళి కట్టేసిన బోటులో చుక్కాని పట్టుకుని కూర్చునేవాడు. ఇంజను చప్పుడు ఉండదు, కదలిక ఉండదు. మధ్యాహ్నం అత్త కూడు తెచ్చి గట్టు మీద నిలబడి అరిచేది. "యాడిదాకా పొయ్యినావయ్యా? తిరుక్కోని రా, కూడు తిని మళ్ళా పోదువు." మామ నిజంగానే చుక్కాని కొంచెం ఇటు తిప్పి అప్పుడు దిగేవాడు. ఈ మనిషిని రొయ్యల గుంట పక్కన మంచం మీద కూర్చోబెడితే ఏమవుతాడో నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేదు.

ఆ తర్వాతి ట్రిప్పు బాగా పడింది. ఎంత అని అడగకండి. తిరిగి వస్తున్నాం. ఎండ ఇంకా ఉంది. ఫోన్లలో సిగ్నల్ రావడం మొదలైంది, ఒడ్డు గీతలాగా కనబడుతోంది. నేను ట్యాబు పట్టుకుని మామ దగ్గర నిలబడ్డాను.

"మామా, ఒక్క మాట చెప్పు. మెల్లిగా చెప్పు. ట్యాబుకు చెవులు లేవు."

"సముద్రానికి ఉండాయి."

"పోనీ నేనే ఐసు గది మూత తీసి చూసుకుంటా."

"మూత తీసి లెక్కబెట్టినావంటే నిన్ను ఆ మూత కిందే పెడతా అల్లుడా. ఐసు బాగానే ఉండాది."

"భాయ్ ఏం జెప్పినాడో మర్చిపొయ్యినావా? కోటలో కూర్చోని గుంట చుట్టూ తిరుగుతావా?"

 మామ బీడీ తీశాడు గానీ ముట్టించలేదు.   

నాకు ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు నేను వంట పని చేస్తాను. ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, మిగిలి ఉంటే వాటిని వేసుకోవడానికి ట్రే ఒకటి కావాలని వెనక్కి వెళ్ళాను. ఖాళీ ట్రేలు అక్కడ దొంతరగా ఉన్నాయి. ఒకటి లాగేసరికి దొంతర ఒరిగింది.

మామ చుక్కాని దగ్గర నుంచే కేకేశాడు. "ఒరే, పడిపోతాయి. ఖాళీలు ఎన్నుండాయో చూసి కట్టు. ఉండు, నేనే జెప్తా." గడ్డం ఒక్కో ట్రే మీద ఆనిస్తున్నట్టు ఆడించాడు. "పదకొండు. పదకొండు ఖాళీ."

గట్టిగా చెప్పాడు. సముద్రం అంతా వినేలా చెప్పాడు. నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"మామా, ఖాళీ లెక్క చెప్పొచ్చా?"

"ఖాళీకి ఏంది? దానికి ఎవురి దిష్టి తగుల్తాది?"

బయలుదేరే రోజు ట్రేలు ఎన్ని ఎక్కించామో మామకు తెలుసు. అప్పుడు అవి కూడా ఖాళీలే గదా, గట్టిగా లెక్కపెట్టుకుని ఎక్కించాడు. అడిగితే వెంటనే చెప్పాడు. ఇక తీసివేత ఒకటే మిగిలింది. తీసివేత నాకు వచ్చు, కానీ పక్కనుంచి పది తెచ్చుకునే దగ్గర నేను బడి మానేశాను. అందుకని ఎర్రగడ్డలు తీసి చెక్క మీద వరసగా పెట్టాను. ఒక్కో గడ్డ ఒక్కో ట్రే. అన్నీ పెట్టి, అందులోంచి ఖాళీలను పక్కకు తీస్తే మిగిలినవి నిండిన ట్రేలు.

సగం తీశానో లేదో ఒక అల వచ్చింది. బోటు ఒరిగింది. ట్రేలన్నీ, అంటే ఎర్రగడ్డలన్నీ, తలా ఒక దిక్కుకు దొర్లాయి.

మామ చుక్కానిని నడుముతో అదిమిపట్టి వంగాడు. "అదో, ఒకటి ఇంజను కిందికి పొయ్యింది. నీ కాలి కాడొకటి. ఆడ తాడు కింద ఇంకోటి" అని గడ్డంతో ఒక్కోటి చూపించాడు. నేను పాకుతూ ఏరుకున్నాను. ఇద్దరం మళ్ళీ పేర్చాం. ఒడ్డు దగ్గరవుతోంది. మిగతావాళ్ళు పని ఆపేసి మమ్మల్ని చూస్తున్నారు. ఒకడు "ఏం మామా, ఈసారి ఎర్రగడ్డలు బాగా పడినట్టుండాయే" అన్నాడు. మామ వాణ్ణి చూడలేదు.

ఖాళీలు పక్కకు తీశాను. వాటిని మామ నాతోపాటు పైకి లెక్కపెట్టాడు. అయిపోయాక మిగిలిన గడ్డల వైపు గడ్డం తిప్పాడు.

"ఇయ్యేంది?"

"ఇవి నిండినవి మామా."

వెంటనే అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

నేను ఒక్కణ్ణే లెక్కపెట్టుకుని ట్యాబులో వేశాను. ట్రేలు వేస్తే కిలోలు అదే చేసుకుంటుంది. పంపించాను. మొగలోకి తిరిగేలోపు పోయింది. ఒడ్డున తూకం వేశారు. మేడం తూకం చూసింది, ట్యాబు చూసింది, మళ్ళీ తూకం చూసింది. కలిసింది. భాయ్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఎవరికో ఫోన్ చేసి "వద్దులే, అవసరం లేదు" అన్నాడు. ఆ ఫోన్ రొయ్యల గుంటలకో, కొత్త డ్రైవరుకో నాకు తెలియదు.

"ఎలా కుదిరింది సార్?" అని మేడం అడిగింది.

"ఉండాదిలే ఏదో" అన్నాడు మామ.

సంగతి నేను చెప్పాను. మేడం నవ్వలేదు. ట్యాబులో కిందికి పైకి వెతికి, "ఖాళీల గడి కూడా లేదు. పెట్టమని రాస్తాను" అంది. రాసిందో లేదో, ఆ గడి ఇంకా రాలేదు. కానీ అప్పటినుంచి మా బోటు గట్టుకు తగిలే ముందే మేడం కేకేసేది. "మామా, ఎన్ని ఖాళీలు?" మామ అంత దూరం నుంచే గట్టిగా చెప్పేవాడు. ఆ మనిషి నోటి నుంచి ఒక లెక్క బయటికి రావడం హార్బరుకు కొత్త. వినడానికి పక్క బోట్లవాళ్ళు ఇంజన్లు తగ్గించేవాళ్ళు. ఖాళీలు ఎక్కువ ఉన్న రోజు మాత్రం కొంచెం ఎక్కువ గట్టిగా చెప్పేవాడు.

బయలుదేరేటప్పుడు ట్యాబు ఇంకొకటి అడుగుతుంది, బోటులో ఎంతమంది ఉన్నారని. మనుషుల్ని లెక్కపెట్టడం కూడా మామకు కుదరదు. దానికీ ఇదే దారి పట్టాం. నీళ్ళలో పడితే తేల్చే జాకెట్లు ఇంజను గది గోడకు మేకుల మీద ఉంటాయి. బయలుదేరేముందు ఎవరిది వాళ్ళు వేసుకోవాలి. మేకుల మీద ఎన్ని మిగిలాయో చూసి మొత్తం జాకెట్లలోంచి తీసేస్తే మనుషులు వస్తారు. మామ జాకెట్టుకు రొమ్ము దగ్గర బీడీతో కాలిన బొక్క ఉండేది. "నీళ్ళు లోపలికొస్తాయి మామా" అంటే, "వచ్చినయ్యి పోవాల గదా" అనేవాడు.

మొన్నటి నిషేధంలో మామ కట్టేసిన బోటులో కూర్చుని ఉండగా అత్త కూడు తెచ్చి పిలిచింది. ఈసారి మామ చుక్కాని తిప్పలేదు. చెయ్యి రొమ్ము మీద ఉంది. ఆటోలో వేసుకుని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు మంచి మనిషి. "నొప్పి ఎంత ఉంది పెద్దాయనా? తక్కువా, ఎక్కువా?" అన్నాడు.

"ఉండాదిలే ఏదో."

"అలా కాదు. పదికి ఎంత? ఒక అంకె చెప్పండి."

మామ గోడ వైపు తిరిగాడు. జేబులో బీడీ కోసం వెతికాడు. అక్కడ చొక్కానే లేదు.

అత్త "చెప్పయ్యా, ఇది సముద్రం కాదు" అని ఏడ్చింది. డాక్టరు నా వైపు చూశాడు. నాకు నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది.

"సార్, నొప్పి లేని చోట్లు అడగండి."

డాక్టరుకు అర్థం కాలేదు. అయినా అడిగాడు. మామ ఇటు తిరిగాడు. గడ్డంతో కిందికి చూపిస్తూ వరసగా చెప్పాడు. "కాళ్ళు బాగుండాయి. మోకాళ్ళు బాగుండాయి. కడుపు బాగుండాది. కుడిచెయ్యి బాగుండాది. తల బాగుండాది." అక్కడ ఆపేశాడు. ఎడమ చెయ్యి చెప్పలేదు, రొమ్ము చెప్పలేదు, వీపు చెప్పలేదు. డాక్టరు ఒక్కో మాటకూ తల ఊపుతూ ఉన్నవాడు, ఆయన ఆపగానే నర్సును పిలిచాడు.

తర్వాతి రోజు పొద్దున అడిగినప్పుడు కాళ్ళు ఒకటే బాగున్నాయన్నాడు. ఆ మరుసటి రోజు ఏమీ చెప్పలేదు.

మామ లేకుండానే నిషేధం అయిపోయింది. భాయ్ కొత్త డ్రైవర్ని పెట్టాడు. విడవలూరు పక్క నుంచి వచ్చిన కుర్ర మనిషి. మంచివాడు. వల వస్తుంటే అందరికన్నా ముందు వంగి చూస్తాడు, ఎంత పడిందో ఫోనులో ఒడ్డుకు అరిచి చెప్తాడు. అయినా చేపలు పడుతూనే ఉన్నాయి. ఉన్నమాట రాయాలి గదా.

మొదటి రోజు బయలుదేరేటప్పుడు ట్యాబు అడిగింది, ఎంతమంది అని. నేను అలవాటుగా మేకుల దగ్గరికి వెళ్ళి మిగిలిన జాకెట్లు చూశాను, తీసేశాను, అంకె వేసి పంపాను. గట్టు మీద కాపలా ఉండే మనిషి మా బోటులోకి చూసి తలలు లెక్కపెట్టాడు.

"లెక్క తప్పు. ట్యాబులో ఒక మనిషి తక్కువుండాడే" అన్నాడు.

కొత్త డ్రైవరు "ఏందన్నా, ఉండేది నలుగురైదుగురు మనుషులం, చూసి లెక్కబెట్టలేవా?" అన్నాడు.

నేను మళ్ళీ మేకుల దగ్గరికి వెళ్ళాను. కొత్త డ్రైవరు తన జాకెట్టు ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. మామది మేకు మీదే ఉంది, రొమ్ము దగ్గర బొక్క కనబడుతూ. నా లెక్క ప్రకారం మామ బోటు ఎక్కలేదు. అంతవరకు లెక్క సరిగానే ఉంది.

కాపలా మనిషి చెప్పిన అంకె వేసి పంపాను. బోటు కదిలింది. మొగ దాటేదాకా నేను అటు తిరిగి పొయ్యి ముట్టించుకున్నాను. గాలికి అది తొందరగా అంటుకోలేదు.

ఆ జాకెట్టును ఎవరూ తీయలేదు. కొత్త డ్రైవరు కూడా తీయమనలేదు. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకూ తీసివేత చేసి ఒకటి కలుపుకుంటాను. ఆ లెక్క బడిలో ఏ తరగతిలో చెప్తారో నాకు తెలియదు.

ఇంతే నాకు రాయడానికి వచ్చింది. చదివి, తప్పు లేని మాటలు ఏవైనా కనబడితే వాటిని లెక్కపెట్టుకోండి. మిగిలినవి మన్నించండి.